తాళము చేతికిచ్చిన తరువాత
(పుదుచ్చేరి పట్టణములో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము ఈ సాయంకాలము మాట్లాడబోవు విషయమును విని కొందరు నవ్వుకొనవచ్చును. కరువు భత్యము, పాత పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు నెత్తిమీద ఉండగా, హోటలు గుమ్మము ముందు కారు నిలిపే వ్యవహారము కార్మికసంఘ వేదిక మీద చర్చించదగినదా అని ఒక సోదరుడు ఉదయమే మమ్ములను అడిగినారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. అయితే గత మాసములో ఇదే పట్టణములో మన తపాలా సోదరునికి ఒకరికి జరిగిన అనుభవమును మేము ప్రక్కనే ఉండి చూచినాము. చూచిన తరువాత, ఇందులో కారు కంటె పెద్ద విషయము ఉన్నదని మాకు తోచినది. లాభము ఒకరు తీసుకొని నష్టభయమును ఇంకొకరి మీదికి నెట్టే పద్ధతి మనకు కొత్తది కాదు. అది ఇచ్చట ఒక చిన్న టోకెను వెనుక అచ్చువేయబడి కనిపించినది, అంతే.

వాలెట్ పార్కింగ్ అనగా ఏమో మీలో చాలమందికి తెలిసియే ఉండును. హోటలు గుమ్మము ముందు కారు దిగుదుము. యూనిఫారము వేసుకొన్న యువకుడు ఒకడు తాళము పుచ్చుకొని, ఒక టోకెను చేతికిచ్చి, కారును తానే నడుపుకొని పోవును. టోకెనులో ఒక ముక్క మనకు, ఒక ముక్క కారు అద్దము మీదికి, మూడవది తాళముతో పాటు బల్లమీది చెక్కకు. తినివచ్చిన తరువాత మన ముక్క చూపినచో కారు తెచ్చియిచ్చును. మాట ఫ్రెంచిది. ఫ్రెంచివారు దానిని వాలే అని పలుకుదురు, అర్థము పరిచారకుడు. ఫ్రాన్సులో మాత్రము ఈ పని చేసేవానిని వాతురియే అందురట. అనగా, ఫ్రెంచి పట్టణమని పేరుపొందిన ఈ ఊరికి ఆ ఫ్రెంచి మాట ఇంగ్లీషు వారి చేతులమీదుగా వచ్చి చేరినది!

ఇచ్చట ఈ ఏర్పాటు ఎందుకు ఇంతగా పెరిగినదో చెప్పుట కష్టము కాదు. పాత పట్టణము చుట్టును బులెవార్డులు, నడుమ కాలువ. కాలువకు తూర్పున సముద్రము వైపు ఉన్న ఫ్రెంచి పేటలో వీధులు చదరంగపు గళ్ళవలె తిన్నగా ఉన్నవి, కాని వెడల్పు తక్కువ. ఆ వీధులు కారు అను వస్తువు పుట్టక పూర్వపువి. ఒకప్పుడు అక్కడ పుష్-పుష్ అను బండ్లు తిరిగెడివి. దొర లోపల కూర్చుండగా మనిషి వెనుకనుండి త్రోయవలెను. నేడు ఆ వీధులకే శని, ఆదివారములలో చెన్నై, బెంగుళూరు కార్లు వరుసగా వచ్చి పడుచున్నవి. చెన్నై నుండి 150 కిలోమీటర్లు, బెంగుళూరు నుండి 300 పైచిలుకు. పొరుగు తమిళనాడు కంటె ఇచ్చట మద్యము చౌక అన్న సంగతి దాచవలసిన రహస్యము కాదు. సముద్రపు ఒడ్డున ఉన్న గూబేర్ అవెన్యూలో సాయంకాలము 6 గంటల నుండి మరునాటి ఉదయము 7.30 వరకు వాహనములను రానీయరు. అది మంచి ఏర్పాటు, పిల్లలు, వృద్ధులు నిర్భయముగా నడువగలుగుచున్నారు. అయితే అక్కడ ఆగిన కార్లన్నియు ద్యూమా వీధి, రొమే రోలా వీధి, సుఫ్రెన్ వీధి మొదలగు వానిలోనికి మళ్ళును. ఆ వీధులలోని పాత మేడలలో అనేకము నేడు భోజనశాలలుగాను, బార్లుగాను మారినవి. లోపల చెట్లున్నవి, మండువా ఉన్నది, దీపములున్నవి. కారు నిలుపుటకు మాత్రము జానెడు చోటు లేదు. చోటు లేదు కాని, చోటు ఉన్నట్లు చూపించుటకు గుమ్మము ముందు ఒక మనిషి ఉన్నాడు.

ఇక జరిగిన సంగతి.

మన సోదరుడు రాజమండ్రి వైపు వారు. ఉద్యోగుల పరపతి సంఘములో అప్పు తీసి ఒక చిన్న కారు కొన్నారు, ఆ అప్పులో ఇంకను సగము తీరవలసి ఉన్నది. భార్యతోను, తల్లిగారితోను ఇచ్చటికి వచ్చి, మమ్ములను భోజనమునకు పిలిచినారు. ఆ భోజనశాల పేరు ఇచ్చట చెప్పము, అవసరము లేదు. ఆయన మొదట వీధి ప్రక్కన తానే కారు నిలుపుకొందునని చూచినారు. ప్రభుత్వ రోడ్డు మీద ఆ హోటలు వారే ఎర్రని ప్లాస్టిక్ శంకువులు పేర్చి, గొలుసు కట్టి ఉంచినారు. ఇది వాలెట్ స్థలము, తాళము ఇవ్వవలెనన్నారు. మేము వెళ్ళిన స్కూటరును అయితే తాళముతో సహా వద్దన్నారు, వేరొక వీధి చూచుకొమ్మన్నారు. రోడ్డు పన్ను మేమును కట్టినవారమే!

భోజనము బాగుగనే ఉన్నది. ఆ మాట చెప్పకపోవుట అన్యాయము. తొమ్మిదిన్నరకు బయటికి వచ్చి టోకెను ఇచ్చినాము. గుమ్మము ముందు మా వంటివారు పదునైదుగురు నిలిచియున్నారు, కార్లు తెచ్చేవారు ఇద్దరే. ముప్పది నిమిషములు గడచినవి. పెద్దావిడ మెట్లమీదనే కూర్చుండిరి. నలువదవ నిమిషమున కారు వచ్చినది. ఎడమప్రక్క వెనుక తలుపు లోపలికి సొట్టబడి, దాని మీద చేతి పొడవున గీత ఉన్నది. కారు కాలువకు ఆవల, మూడు వీధుల దూరమున నిలిపినారట. అక్కడ ఏ బండి తగిలినదో చూచినవారు లేరు.

మేనేజరు వచ్చినారు. మర్యాదగనే మాట్లాడి, టోకెను వెనుకకు త్రిప్పి చూపినారు. వాహనము యజమాని సొంత బాధ్యత మీదనే నిలుపబడును, నష్టమునకు హోటలు పూచీ వహించదు అని ఇంగ్లీషులో సన్నని అక్షరములతో ఉన్నది. మన సోదరుడు ఊరకుండక గట్టిగా నిలదీయగా, ఆయన ఇంకొక మాట అన్నారు. “సార్, మీకు నష్టము రానీయము. ఈ కుర్రవాని జీతములో కోసి ఇప్పించెదము.”

ఆ యువకుడు అక్కడనే ఉన్నాడు. కడలూరు వైపువాడు, ఇరువది రెండేండ్లుండును. తమిళములో మాతో అన్నాడు: “అణ్ణా, నేను నిలిపినప్పుడు గీత లేదు. అక్కడ తప్ప వేరే చోటు లేదు.” అతడు ఉదయము పదకొండింటికి వచ్చినవాడు, చివరి కారు పోవువరకు ఉండవలెను, అనగా అర్ధరాత్రి. హోటలు హాజరుపట్టీలో అతని పేరు లేదు, ఒక కంట్రాక్టరు మనిషి. జీతము కంటె చేతిలో పెట్టే పదులు, ఇరువదుల మీదనే బ్రతుకుచున్నాడు.

సోదరులారా, అక్కడ మన సోదరుడు ఆడిన మాట మమ్ములను ఈ ప్రసంగమునకు పురికొల్పినది. “తమ్ముని జీతము నాకు వద్దు. నేను తాళము ఇచ్చినది మీ హోటలును నమ్మి” అన్నారు. మేనేజరు అందుకు ఏమియు బదులు చెప్పలేదు.

రైల్వేలో కమర్షియల్ శాఖవారికి, పార్సిలు ఆఫీసులో పనిచేసినవారికి ఆ టోకెను మీది మాట కొత్తది కాదు. ఓనర్స్ రిస్కు, రైల్వే రిస్కు అని రెండు రేట్లు మనకు తెలుసును. సరుకుదారు తన బాధ్యత మీద పంపుకొనునెడల అతనికి రేటులో తగ్గింపు ఉండును. అనగా నష్టభయమును అతడు మోసినందులకు ప్రతిఫలము ఉన్నది. అప్పుడైనను రైల్వే చేతులు పూర్తిగా కడుగుకొనలేదు. 1989 రైల్వే చట్టము 97వ సెక్షను ప్రకారము, ఓనర్స్ రిస్కు మీద పోయిన సరుకునకు సైతము, రైల్వే యొక్క లేక దాని సిబ్బంది యొక్క నిర్లక్ష్యము గాని దుష్ప్రవర్తన గాని రుజువైనచో రైల్వే బాధ్యత వహించవలసినదే. ఈ హోటలువారు ఓనర్స్ రిస్కు అని వ్రాసుకొన్నారు, కాని ఇడ్లీ ధరలో పైసా తగ్గించలేదు. వేరొక చోట వాలెట్ రుసుమని వంద రూపాయలు తీసుకొని, దాని వెనుకనే ఓనర్స్ రిస్కు అని అచ్చువేసినవారిని కూడ చూచినాము. ఇంతటి టారిఫ్‌ను మన రైల్వే బోర్డు కూడ ఏనాడును కనిపెట్టలేదు.

మన తపాలా శాఖకును బాధ్యత లేకుండ చట్టము రక్షణ ఇచ్చుచున్నది గదా అని ఒకరు అడుగవచ్చును. నిజమే. 1898 చట్టములోని 6వ సెక్షను అట్లే చెప్పినది, దాని స్థానమున వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టము 10వ సెక్షను కూడ అదే దారిలో ఉన్నది. కాని భేదమును గమనించవలెను. ఆ రక్షణ పార్లమెంటు చర్చించి ఇచ్చినది, బట్వాడా చేసేవారు రసీదు వెనుక తమంతట తాము అచ్చువేసుకొన్నది కాదు. పైగా ఆ సెక్షను ఉద్యోగిని కూడ కాపాడుచున్నది. మోసముతోనో, బుద్ధిపూర్వకముగానో నష్టము కలిగించిననే తప్ప తపాలా ఉద్యోగి మీద వ్యక్తిగత బాధ్యత పడదు. హోటలు టోకెనులో యజమానికి రక్షణ ఉన్నది, కారు నడిపినవానికి లేదు.

టోకెను మీది ఆ వాక్యము చెల్లునా అన్నది 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు తేల్చినది. ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలుకు, యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్సు కంపెనీకి నడుమ నడచిన వ్యాజ్యమది. 1998 ఆగస్టు 1 రాత్రి ఒక అతిథి తన మారుతి జెన్ కారును, తాళమును వాలెట్‌కు ఇచ్చి లోపలికి పోయినాడు. వేరొక కారులో వచ్చిన ముగ్గురు యువకులు తమ కారును తెమ్మని అడిగి, ఆ సందడిలో బల్లమీది తాళము ఒకటి తీసుకొని ఈ అతిథి కారును ఎత్తుకొని పోయినారు. అడ్డుకొనబోయిన కాపలావారిని తప్పించుకొని పోయినారు. బీమా కంపెనీ అతిథికి 2 లక్షల 80 వేల రూపాయలు చెల్లించి, ఆ సొమ్మును హోటలు ఇచ్చుకొనవలెనని వినియోగదారుల కమిషనుకు పోయినది. హోటలువారి వాదము ఏమనుకొన్నారు? టోకెను మీద ఓనర్స్ రిస్కు అని వ్రాసియున్నది గదా అనియే!

న్యాయమూర్తులు మోహన్ ఎం. శాంతనగౌడర్, అజయ్ రస్తోగీ గార్లు ఆ వాదమును అంగీకరించలేదు. తాళమును సిబ్బంది చేతికిచ్చిన క్షణమున 1872 కాంట్రాక్టు చట్టము ప్రకారము బెయిల్‌మెంటు ఏర్పడినది. మన పెద్దలు దీనినే నిక్షేపమనిరి, అచ్చ తెలుగులో ఇల్లడ అనిరి. ఇల్లడ పుచ్చుకొన్నవాడు తన సొత్తును వివేకవంతుడు కాపాడుకొనునంత శ్రద్ధతో దానిని కాపాడవలెను. అడిగినప్పుడు చెడకుండ తిరిగి ఇయ్యవలెను. ఇయ్యలేనప్పుడు, తన నిర్లక్ష్యము లేదని నిరూపించుకొను భారము మొదట హోటలుదే. తన నిర్లక్ష్యమునకు గాని, తన సిబ్బంది నిర్లక్ష్యమునకు గాని పూచీ లేదని హోటలు ఎట్టి షరతు వ్రాసికొన్నను అది చెల్లదు. జరిగిన ప్రతి నష్టమునకును కన్నుమూసుకొని హోటలునే బాధ్యుని చేయవలెనని కోర్టు అనలేదు. తగిన జాగ్రత్త తీసుకొన్నట్లు రుజువు చేయగలిగినచో హోటలు తప్పించుకొనవచ్చును. ఇదంతయు తాళము చేతులు మారుటను బట్టియే వచ్చినది. మీరే కారు నిలుపుకొని తాళము జేబులో వేసుకొన్నప్పుడు మీకు ఇంత బలము ఉండదు.

ఇక జీతపు కోత మాట. ఉద్యోగికి అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యము వలననే చెడినప్పుడు కోత విధించుటకు చట్టములో వీలున్నది. కాని సంజాయిషీ చెప్పుకొను అవకాశము ఇవ్వకుండ కోయరాదు, యజమానికి కలిగిన నష్టమునకు మించి కోయరాదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టములోని ఈ నియమమును 2019 వేతనాల కోడ్ కూడ నిలుపుకొన్నది. మెట్లమీద నిలబడి, అతిథుల ఎదుట, ఒక్క మాటతో జీతము కోయుట ఏ చట్టమునకును సరిపడదు. అదియునుగాక ఇచ్చట నిర్లక్ష్యము ఎవరిది? చోటు లేకుండ కార్లు పుచ్చుకొన్నదెవరు? పదునైదు కార్లకు ఇద్దరిని పెట్టినదెవరు?

1936 అనగానే ఒక మాట గుర్తుకు వచ్చుచున్నది. ఆ వేతన చట్టము బ్రిటిషు ఇండియాది. ఫ్రెంచి పాలనలో ఉన్న ఈ పట్టణమునకు అది వర్తించలేదు. ఆ సంవత్సరమే జూలై 30న ఇచ్చటి నూలు మిల్లు కార్మికుల సమ్మె మీద కాల్పులు జరిగి 12 మంది ప్రాణములు కోల్పోయినారు. ఆ రక్తము వలననే మరుసటి ఏట ఎనిమిది గంటల పనిదినము ఇచ్చట చట్టమైనది. ఆ పోరాటమునకు నాయకత్వము వహించిన వి. సుబ్బయ్య గారి పేరే మన రైలు స్టేషను ముందరి రోడ్డునకు పెట్టబడినది. ఆ రోడ్డు నుండి ఫ్రెంచి పేటకు నడచిపోవచ్చును. అక్కడ ఆ కడలూరు యువకుడు పదమూడు గంటలు నిలబడుచున్నాడు.

ఇంకొక అపాయమును చెప్పక తప్పదు. బారు నుండి తూలుచు వచ్చినవానికి కారు తెచ్చి, తలుపు తీసి, తాళము చేతిలో పెట్టేవాడును ఈ యువకుడే. రక్తములో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించిన యెడల వాహనము నడుపుట మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను క్రింద నేరము. 2019 సవరణ తరువాత మొదటి తప్పునకే పది వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని. తాగినవాడు ఏ స్థితిలో ఉన్నాడో అందరికంటె ముందు చూచేవాడు వాలెట్. “అయ్యా, మీకు తాళము ఇయ్యను” అని చెప్పగల అధికారము అతనికి ఎవరును ఇయ్యలేదు. చెప్పినచో ఆనాటి బక్షీసు పోవును, మరునాడు పని కూడ పోవచ్చును. ఆ మాట చెప్పవలసినది బిల్లు తీసుకొన్న హోటలు.

మన వైపు జాగ్రత్తలు కూడ ఉన్నవి. లైసెన్సు లేనివానిని కారు నడుపనిచ్చినచో యజమాని మీదను కేసు నడచును. బీమావారు ఆక్షేపణ తెలుపుటకును అది సందు అగును. కాబట్టి తాళమిచ్చే ముందు, నడిపేవానికి లైసెన్సు ఉన్నదా, కారు ఎక్కడ నిలిపెదరు అని హోటలు మేనేజరునే అడుగవలెను. ఆ యువకుని మీద కేకలు వేయవలదు. కారు నాలుగు ప్రక్కలను, మీటరు అంకెను ఫోనులో ఫొటో తీసుకొనుడు. మన సోదరుడు అదృష్టవశమున గుమ్మము ముందు తల్లిగారిని నిలబెట్టి ఫొటో తీసినారు, అందులో ఎడమ తలుపు చెక్కుచెదరకుండ కనిపించుచున్నది! టోకెను రెండు ప్రక్కలను ఫొటో తీసిన తరువాతనే వాపసు ఇయ్యుడు. నిషిద్ధ స్థలములో నిలిపిన చలానా తరువాత మీ ఫోనుకు వచ్చినచో, ఆ సమయమున కారు ఎవరి చేతిలో ఉన్నదో ఆ టోకెనే చెప్పును.

దూరపు ఊరిలో దావా ఎట్లు నడుపుదుమని భయపడవలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము ఫిర్యాదుదారు తాను నివసించే లేక పనిచేసే జిల్లాలోనే కమిషనుకు పోవచ్చును. పుదుచ్చేరిలో పడిన సొట్టకు రాజమండ్రిలో న్యాయము అడుగవచ్చునన్నమాట. చెల్లించిన ప్రతిఫలము ఐదు లక్షలు దాటని వ్యవహారములలో రుసుము లేదు, గడువు రెండేండ్లు. సలహాకు 1915 అను నంబరు ఉన్నది.

రోడ్డు సంగతి మాత్రము ఒక్కొక్కరుగా తేల్చుకొనునది కాదు. తెలంగాణలో 2018 ఏప్రిల్ 1 నుండి మాల్స్, మల్టీప్లెక్సులలో మొదటి అరగంట పార్కింగ్ ఉచితముగా ఇయ్యవలెనని ప్రభుత్వము ఉత్తర్వు తెచ్చినది. సొంత స్థలమున్న వారికే అట్టి నియమము పెట్టగలిగినప్పుడు, సొంత స్థలమే లేక ప్రభుత్వ వీధిని గొలుసుతో కట్టుకొన్నవారిని అడుగుటకు సంకోచమెందుకు? కార్లు నిలుపు చోటు చూపని హోటలుకు వాలెట్ అనుమతి ఇయ్యరాదనియు, వాలెట్ సిబ్బంది పేర్లు హోటలు హాజరుపట్టీలో ఉండవలెననియు, వీధిలోని గొలుసులు తీసివేయవలెననియు స్థానిక మునిసిపాలిటీకి, ట్రాఫిక్ పోలీసులకు వినతిపత్రము ఇవ్వదలచినాము. ఇచ్చటి హోటలు కార్మికుల సంఘములతో కలిసి ఇచ్చినచో బాగుండునని మా అభిప్రాయము. ఆ యువకుడు మన సంఘ సభ్యుడు కాకపోవచ్చును. అయినను కారు గలవారి ఫిర్యాదుగా మాత్రమే ఇది పోయినచో, చివరకు కోత పడేది అతని జీతములోనే.

మన సోదరుడు ఊరికి పోక మునుపే నోటీసు వ్రాసినారు. మేమును కూర్చుండి సాయపడినాము. రిపేరు అంచనా 14 వేలు, అది హోటలు యాజమాన్యమే ఇయ్యవలెననియు, ఏ ఉద్యోగి జీతము నుండియు రాబట్టరాదనియు, అట్లు రాబట్టిన సొమ్మును తాము పుచ్చుకొనమనియు వ్రాసినారు. రంగపిళ్ళ వీధిలోని హెడ్ పోస్టాఫీసులో దానిని పంపినాము. ఆ వీధి పేరులోని ఆనందరంగ పిళ్ళె తెలుగు కవిని పోషించినవాడని, కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథము ఆయన పేరనే వెలసినదని మీకు తెలిసియుండును. రిజిస్టర్డు పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయినది గనుక స్పీడ్ పోస్టులోనే, బట్వాడా రుజువు కోరుచు పంపినాము. కౌంటరులోని సోదరి చిరునామా చదివి, “ఆ హోటలా? మా బండ్లు కూడ అక్కడ నిలుపనీయరండి” అన్నారు.

నోటీసు మరునాడే అందినది, రుజువు మన చేతిలో ఉన్నది. జవాబునకు పదునైదు దినములు గడువిచ్చినాము. నేటికి పదకొండు దినములైనవి.